గీత కూడా పడని టోపీ

క్యాజువాలిటీలోకి మాట్లాడుకుంటూ నడిచొచ్చిన మనిషిని చూసి నేనెప్పుడూ తేలిగ్గా ఊపిరి పీల్చుకోలేదు. రక్తం కారుతూ గావుకేకలు పెట్టేవాడి గురించి నాకు భయం తక్కువ. అరిచే ఓపిక ఉంటే కాసేపు ఆగగలడు. తల పట్టుకుని, "ఏం కాలేదమ్మా, చిన్న దెబ్బ, కట్టు కట్టి పంపించు" అంటాడు చూడండి, అలాంటివాడే నాకు చెమటలు పట్టించేది.

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వాసుపత్రుల్లో నర్సుగా చేశాను. గిద్దలూరులో కొన్నేళ్లు, కంభంలో కొన్నేళ్లు, మిగతాదంతా మార్కాపురంలో. ఏ ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎవరు నన్ను బదిలీ చేయించారు అన్నవి రాయను. అవన్నీ సర్వీసు రిజిస్టరులో ఉన్నాయి, అక్కడే చెదలు పట్టనీ. కొత్తగా డ్యూటీలో చేరే నర్సింగు పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "సుగుణమ్మ గారూ, మీ అనుభవం ఏదైనా చెప్పండి" అంటుంటారు. మంచి మాటలు చెప్పడానికి వాళ్లకు చాలామంది ఉన్నారు. నేను నా తప్పు ఒకటి చెబుతాను. ఆ తప్పు వల్ల తొమ్మిదో తరగతి చదివే పిల్ల ప్రాణం మీదికొచ్చింది.

పాలాయన అడిగిన టీ

ముందు గిద్దలూరు సంగతి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్త. ఒకరోజు పొద్దున్నే పాలు పోసే ఆయన సైకిలు మీంచి పడ్డాడని బావమరిది తీసుకొచ్చాడు. చెవి పైన చిన్న గాయం, రెండు కుట్లు. పాలన్నీ రోడ్డు పాలయ్యాయని ఒకటే గొణుగుడు. టీ అడిగితే నేనే తెచ్చిచ్చాను. డాక్టరు గారు పైన వార్డులో ఉన్నారు, ఇంత చిన్నదానికి ఆయన్ని పిలవడం ఎందుకనుకున్నాను. "ఇంటికెళ్లి పడుకో, తగ్గిపోతుంది" అని పంపించేశాను.

సాయంత్రం మళ్లీ తీసుకొచ్చారు. ఎంత పిలిచినా కళ్లు తెరవలేదు. ఆయన బతకలేదు.

అప్పుడు మాకు పెద్ద డాక్టరుగా ఉన్నాయన మహా కోపిష్టి. దూది సరిగ్గా చుట్టకపోయినా ట్రే విసిరికొట్టే రకం. ఆ రోజు మాత్రం గొంతు పెంచలేదు. నన్ను కూర్చోబెట్టి, నా చెవి పైన వేలు పెట్టి చూపించాడు.

"ఇక్కడ ఎముక పల్చగా ఉంటాది సుగుణమ్మా. దాని లోపల సన్నటి రక్తనాళం. ఎముక చిట్లితే అది తెగుతాది. రక్తం కొంచెం కొంచెంగా చేరతా ఉంటాది. చేరినంతసేపు మనిషి నవ్వతాడు, టీ తాగతాడు. లోపల చోటు అయిపోయినాక మెదడు నలిగిపోతాది. నువ్వు ఆయన్ని పడుకోమన్నావు. ఆయన పడుకున్నాడు."

ఆ చివరి మాట నా ఉద్యోగమంతా నా వెంట ఉంది. ఆ తర్వాత తలకు దెబ్బ తగిలిన ఎవరినీ, ఎంత తిట్టినా, గంటల తరబడి చూడకుండా పంపలేదు.

పగిలినందుకు ఏడ్చినవాడు

కంభంలో అదే డాక్టరు గారి దగ్గర మళ్లీ పనిచేశాను. ఒకరోజు ఉదయం బ్యాంకులో పనిచేసే ఒకాయన వచ్చాడు. పొట్ట తగ్గాలని గేర్ల సైకిలు కొని, దాంతోపాటు సైకిలు హెల్మెటు కూడా కొన్నాడట. కుక్క అడ్డం వస్తే ఎగిరి పడ్డాడు. మోచెయ్యి విరిగింది. తలకు ఏమీ కాలేదు. హెల్మెటు మాత్రం పక్కన నిలువునా చీలిపోయింది.

"నాసిరకం అంటగట్టినాడు సార్. వారం కూడా కాలే కొని, ఎట్ల పగిలిందో చూడండి" అని ఆయన గోల.

డాక్టరు గారు పగలబడి నవ్వాడు. "అది పగిలింది కాబట్టే నువ్వు నాతో పోట్లాడతాండావు. అది పగలకుంటే నీ తల పగిలేది."

ఆ హెల్మెటు అడిగి తీసుకుని, లోపలి భాగం నాకు చూపించాడు. పెట్టెల్లో టీవీ చుట్టూ పెట్టే థర్మాకోల్ లాంటిదే, కాస్త గట్టిది. దెబ్బ తగిలినచోట అణిగిపోయి, చప్పిడిగా ఉంది. "తల పోయి రోడ్డుకు తగిలి టక్కున ఆగితే, లోపల మెదడు ఆగదు. అది పోయి పుర్రెకు కొట్టుకుంటాది. సైకిలు మీద పెరుగు గిన్నె తీసుకపోతా సడన్ బ్రేకు వేసి చూడు. గిన్నెకు ఏం కాదు, పెరుగు చెదిరిపోతాది. ఈ థర్మాకోల్ నలిగేంతసేపు తలకు ఆగడానికి కాస్త టైము దొరుకుతాది. రాతి మీద పడటానికీ గడ్డివాము మీద పడటానికీ తేడా ఆ కాస్త టైమే. పైనుండే గట్టి డొప్ప దెబ్బను ఒక్కచోట కాకుండా నాలుగు పక్కలకు పంచతాది. గడ్డం కింద పట్టీ లేకపోతే ఇదంతా దండగ. మనిషి పడే లోపలే అది ఊడిపోతాది."

ఒకసారి నలిగిన థర్మాకోల్ మళ్లీ నలగదని, పైకి బాగానే కనబడినా పారేయాల్సిందేనని కూడా చెప్పాడు. లారీ కింద పడితే ఏ హెల్మెటూ ఏమీ చేయలేదని కూడా దాచకుండా చెప్పాడు. ఆయనలో నాకు నచ్చేది అదే. మందు గురించి చెప్పినా, అది ఎక్కడ పనిచేయదో కూడా చెప్పేవాడు.

ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఇదంతా నేను కళ్లారా చూశాను, చెవులారా విన్నాను. తర్వాత జరిగిన దానికి తెలియదని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఏదో ఒకటి

మార్కాపురంలో ఉండగా బడుల్లో ఆరోగ్యం గురించి చెప్పే పని కూడా నాకు పడింది. ఊరికి కాస్త దూరంలో, పలకల క్వారీలకు దగ్గరగా ఒక హైస్కూలు. ఆడపిల్లలకు గవర్నమెంటు సైకిళ్లు ఇచ్చింది. ఆ రోడ్డు మీద రాళ్ల ట్రాక్టర్లు పగలంతా తిరుగుతాయి. రోడ్డు అంచున పలకరాయి ముక్కలు పరుచుకుని ఉంటాయి. వాటి మీద చక్రం పడితే జర్రున జారుతుంది.

ఆ పిల్లలకు నేను హెల్మెటు గురించి చెప్పాను. ఒక పిల్ల లేచి, "మేడం, అవి మా ఊళ్లో దొరకవు" అంది. నిజమే. బైకు హెల్మెట్లే పోలీసుల భయానికి కొని హ్యాండిలుకు తగిలించే ఊళ్లు మావి. సైకిలుకు హెల్మెటు ఎవరు అమ్ముతారు? నాకేమో బస్సు టైమవుతోంది. "ఏదో ఒకటి పెట్టుకోండమ్మా, వట్టి తలతో మాత్రం పోవద్దు" అనేశాను.

నా తప్పు ఆ "ఏదో ఒకటి" దగ్గర మొదలైంది.

నెల తర్వాత మళ్లీ వెళ్లాను. శిరీష అనే పిల్ల పసుపు రంగు ప్లాస్టిక్ టోపీ పెట్టుకుని సైకిలు మీద వచ్చింది. వాళ్ల నాయన గాలెయ్య క్వారీలో రాయి తీసే మనిషి; శిరీష కాక ఇంకో చిన్న కొడుకున్నాడు. క్వారీ ఓనరు పనివాళ్లకు ఇచ్చిన టోపీల్లో పాతదొకటి బిడ్డకు ఇచ్చాడు. మిగతా పిల్లలు "మేస్త్రమ్మ వచ్చింది" అని ఆట పట్టిస్తున్నారు. నాకు ఒళ్లు మండింది. ఆ పిల్లను ప్రార్థన జరిగే చోట అందరి ముందు నిలబెట్టి, చప్పట్లు కొట్టించాను. "ఈ అమ్మాయికున్న బుద్ధి మీలో ఒక్కరికైనా ఉందా?" అన్నాను. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. తర్వాత ఇంకొందరు అవే టోపీలు పెట్టుకున్నారని తెలిసి మురిసిపోయాను కూడా.

ఆ టోపీని ఒక్కసారి చేతిలోకి తీసుకుని తిప్పి చూడలేదు.

మోకాలికి కట్టు

ఒంటిపూట బడుల రోజులు. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. గాలెయ్య బిడ్డను ఆటోలోంచి దించి తీసుకొచ్చాడు. ఒక చేత్తో పిల్లను పట్టుకున్నాడు, రెండో చేతిలో ఆ టోపీ. ట్రాక్టరుకు దారి ఇవ్వబోయి రోడ్డు అంచుకు వెళ్లి, కల్వర్టు దగ్గర పడింది. మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది.

"అక్కా, నువ్వు చెప్పిన మాట కాపాడింది. చూడు, టోపీకి గీత కూడా పడలే. తలకు ఏం కాలే" అన్నాడు.

టోపీ చూశాను. నిజంగానే గీత లేదు. నా గుండె కుదుటపడింది. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ జరిగింది అదే. ముప్పై ఏళ్లు తలదెబ్బలు చూసిన దాన్ని, ప్లాస్టిక్ టోపీని చూసి ధైర్యం తెచ్చుకున్నాను. కూర్చుని మోకాలు కడిగి, రాయి ముక్కలు ఏరి, కట్టు కట్టాను. పేరడిగితే చెప్పింది. ఏ తరగతి అంటే చెప్పింది. పొద్దున ఏం తిన్నావంటే "ఉప్మా" అంది.

ఈలోగా గాలెయ్య తల్లి వచ్చింది. "మందు పెట్టినావు గదమ్మా, ఇంక పోతాం. దిష్టి తీసి ఇంత మజ్జిగన్నం పెడతా. నిద్రపోతే అంతా సర్దుకుంటాది" అంది. అంటూనే తెచ్చిన మజ్జిగ ఒక గుక్క తాగించింది. నేను వద్దనేలోపే పిల్ల భళ్లున కక్కుకుంది.

"ఎండకు కక్కినాది" అంది ముసలమ్మ.

ఎండేనేమో అని నాకూ అనిపించింది. పిల్ల బెంచీ మీద ఒరిగిపోతూ, "నిద్రొస్తాంది" అంది. అప్పుడు నాలో ఏదో ఉలిక్కిపడింది. వంగి, పిల్ల నోటి దగ్గర చెవి పెట్టి అడిగాను.

"తల్లీ, పడినప్పుడు టోపీ తలమీదే ఉందా?"

"లేదు మేడం. బండి జారంగనే ఎగిరిపోయింది. నేను ఆనక పడినా."

గబగబా జడ విప్పి జుట్టు పాయలు తీసి చూశాను. ఎడమ చెవి పైన మెత్తగా ఉబ్బి ఉంది. నాడి పట్టుకుంటే ఉండాల్సిన దానికంటే నెమ్మదిగా కొట్టుకుంటోంది. టార్చి వేసి కళ్లు చూశాను. ఎడమ కంటిపాప కుడిదానికంటే కొద్దిగా పెద్దది. కొద్దిగానే. చూడాలని చూస్తే తప్ప కనబడనంత.

డ్యూటీ డాక్టరును కేకేశాను. కుర్రాయన, కానీ చెప్పగానే అర్థం చేసుకున్నాడు. స్కానింగు, ఆపరేషను రెండూ ఒంగోలులోనే అన్నాడు. మెదడు వాపుకు సెలైను పెట్టించి, మెడకు పట్టీ వేయించి, ఆంబులెన్సుకు ఫోను చేశాడు.

"ఒంగోలుకా?" అంది ముసలమ్మ. "మాట్లాడే బిడ్డను అంత దూరం ఎందుకమ్మా? తల కోసేస్తారు! నేను పంపను."

గాలెయ్య నా వంక చూశాడు. "టోపీ ఉన్నింది గదక్కా?"

"గాలెయ్యా, ఇంకో గంట పోతే నీ బిడ్డ నిన్ను గుర్తుపట్టదు. బండెక్కు" అన్నాను. నా గొంతులో ఏం విన్నాడో, తల్లి చెయ్యి విడిపించుకుని బిడ్డను స్ట్రెచరు మీదికి ఎత్తాడు.

పదమూడో ఎక్కం

డ్యూటీ ఇంకో సిస్టరుకు అప్పజెప్పి నేనూ బండెక్కాను. ఆంబులెన్సులో ఉన్న కుర్రాడికి పని వచ్చు, నేను వెళ్లాల్సిన అవసరం లేదు. ఉండలేక వెళ్లాను.

పిల్లను మాట్లాడిస్తూ ఉండాలి, మాటలో తేడా వస్తే వెంటనే తెలుస్తుంది. ఎక్కాలు బాగా వచ్చంటే పదమూడో ఎక్కం చెప్పమన్నాను. గడగడా చెప్పింది. మళ్లీ చెప్పమన్నాను. ఈసారి నెమ్మదించింది. దారి మధ్యలో వచ్చే పొదిలి ఇంకా రాలేదు. మూడోసారి మొదలుపెట్టి, "పదమూడార్లు..." దగ్గర ఆగింది.

"పదమూడార్లు ఎంత, తల్లీ?"

నా ముఖంలోకే చూస్తోంది. చూపు నా మీద ఉంది, మనిషి లేదు. కళ్లు మూతపడ్డాయి. చెంప మీద తడితే మూలిగింది. టార్చి వేశాను. ఎడమ పాప ఇప్పుడు ఎవరికైనా కనబడేంత పెద్దదైంది. ఆక్సిజను పెంచాం. డ్రైవరుతో ఎక్కడా ఆపొద్దని కేకేశాను. పొదిలి సెంటర్లో బస్సు అడ్డంగా ఉంటే, గాలెయ్య ముందు సీట్లోంచి సగం బయటికి వాలి, "జరగండయ్యా, బిడ్డ పోతాది" అని అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

టోపీ నా కాళ్ల దగ్గర దొర్లుతోంది. అప్పుడు తీసి తిప్పి చూశాను. లోపల నాలుగు ప్లాస్టిక్ పట్టీలు. థర్మాకోల్ లేదు. గడ్డం కింద కట్టుకునే పట్టీ లేదు. చెవుల దాకా వచ్చే అంచు లేదు. గని లోపల పైనుంచి రాయి పడితే నడినెత్తిని కాపాడటానికి చేసిన వస్తువు అది. ఆ పని చక్కగా చేస్తుంది. సైకిలు మీంచి పక్కకు పడే తలకు దాంతో ఏ సంబంధమూ లేదు. ఇంతకాలం మెచ్చుకున్న వస్తువును నేను మొదటిసారి చూడటం అప్పుడే.

ఒంగోలులో నేరుగా స్కానింగుకు, అక్కణ్నుంచి ఆపరేషనుకు తీసుకెళ్లారు. ఎముక తెరిచి గడ్డకట్టిన రక్తం తీసేశారు. సర్జన్ బయటికొచ్చి, ఇంకాస్త ఆలస్యమైతే చేసేదేమీ ఉండేది కాదన్నాడు. నేను మోకాలికి కట్టు కడుతూ కూర్చున్న సమయం గుర్తొచ్చి గోడకు ఆనుకున్నాను. మూడోరోజు శిరీష కళ్లు తెరిచి వాళ్ల నాయన్ని పిలిచింది.

కందులు

పిల్ల ఇంటికొచ్చింది. సగం గుండు, చెవి పైన కుట్లు, మాట కొంచెం వెతుక్కుని మాట్లాడేది. మెల్లగా అదీ సర్దుకుంటుందన్నారు. గాలెయ్య ఆసుపత్రికి వచ్చి, అందరూ చూస్తుండగా నా కాళ్లకు దండం పెట్టాడు. ఒక సంచిలో కందులు తెచ్చాడు. "అక్క చెప్పబట్టి టోపీ పెట్టుకునింది. పెట్టుకోబట్టి దక్కింది" అని కనబడిన ప్రతివాళ్లకూ చెప్పాడు. క్వారీలో చెప్పాడు, టీ కొట్టు దగ్గర చెప్పాడు. ఆ రోజే నేను తెలుసుకున్న నిజం అతనికి ఎవరూ చెప్పలేదు; పడిన సంగతి పిల్లకే గుర్తులేదు. చెప్పాల్సింది నేను.

నేను చెప్పలేదు. ముందు, పిల్ల కోలుకోనీ అనుకున్నాను. తర్వాత, పిల్ల బతికింది కదా, ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకున్నాను. అసలు సంగతి వేరు. రిటైర్మెంటు దగ్గరపడింది. ఇన్నేళ్ల తర్వాత ఎవరో నా కాళ్లకు దండం పెట్టారు. దాన్ని వదులుకోబుద్ధి కాలేదు. ఆ కందులతో పప్పు వండితే ముద్ద దిగలేదు, అయినా నోరు మాత్రం విప్పలేదు.

వేసవి సెలవులు అయిపోయి బడులు తెరిచారు. రెండు వారాల తర్వాత ఏదో పని మీద ఆ రోడ్డున ఆటోలో వెళ్తున్నాను. ఎదురుగా సైకిళ్ల వరస. ఒకటి, రెండు, నాలుగు, ఏడు పసుపు టోపీలు. వాళ్ల పక్కనుంచే రాళ్ల ట్రాక్టరు పోతోంది. ఆటో ఆపి దిగి, పిల్లలు దాటిపోయేదాకా రోడ్డు పక్కన నిలబడ్డాను.

ఆ సాయంత్రమే గాలెయ్య వాళ్ల వాడకు వెళ్లాను. పని నుంచి వచ్చిన మగవాళ్లు, నీళ్లు మోసుకొస్తున్న ఆడవాళ్లు చుట్టూ చేరారు. వెంట తీసుకెళ్లిన థర్మాకోల్ ముక్కను వేలితో నొక్కి చూపించాను. సైకిలు హెల్మెటు కనుబొమ్మలకు కాస్త పైనుంచి మొదలవ్వాలని, పట్టీ గడ్డం కింద బిగుతుగా, రెండు వేళ్లు పట్టేంత సందుతో ఉండాలని చెప్పాను. ఒంగోలు నుంచి తెప్పించే ఏర్పాటు గురించి బడి హెడ్మాస్టరుతో మాట్లాడతానన్నాను. అప్పటికీ అసలు మాట రాలేదు. గాలెయ్యే అడిగాడు.

"మరి మా టోపీ అక్కా?"

"అది నీ బిడ్డను కాపాడలేదు గాలెయ్యా. అది ముందే ఎగిరిపోయింది. ఏదో ఒకటి పెట్టుకోమని చెప్పింది నేను. చూడకుండా చప్పట్లు కొట్టించింది నేను. ఆ రోజు టోపీకి గీత పడలేదని నమ్మి, మోకాలు కడుగుతూ కూర్చుంది కూడా నేనే."

గాలెయ్య నన్ను తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఇది నీకు ఎప్పుడు తెలిసిందక్కా?"

"ఆ రోజే. ఆంబులెన్సు ఎక్కకముందే."

అతను నా వైపు తిరిగాడు.

"తెలియక చెప్పినావు, దానికేమనను. తెలిసినాక ఎందుకు చెప్పలేదక్కా? బడి తెరిచిన కాడ్నుంచి ఆ టోపీ మా చిన్నోడికి పెట్టి, నీకేం భయం లేదు పోయి రాపో అని దినామూ నేనే పంపిస్తాండా గదా."